నడుస్తున్న వర్క్‌ఫ్లోని ఎట్టా అడగాలి

చిట్టితల్లీ,

నువ్వు పంపిన కోడు చూశా, గుంటూరు మిర్చి యార్డు లాట్ల వర్క్‌ఫ్లో, అదే ఒక్కో లాట్ పనిని వరసగా నడిపే ప్రోగ్రాము, టెంపోరల్‌లో (మధ్యలో మిషన్ ఆగినా పనిని ఉన్నచోటి నుంచే నడిపించే సాఫ్ట్‌వేర్) పైథాన్‌తో చక్కగా రాశావు, వేలం, కాటా, పేమెంటు, గేట్ పాస్, వరస కరెక్టే. కానీ లాట్ ఎక్కడిదాకా వచ్చిందో తెలియడానికి ప్రతి స్టెప్పులో ఒక టేబుల్‌కి రాసి మళ్లీ దాన్ని చదువుతున్నావు చూడు, అదెందుకమ్మా? నేరుగా వర్క్‌ఫ్లోనే అడుగు, దేన్నీ మార్చకుండా దాని స్థితిని చదివే క్వెరీ ఉన్నది అందుకే.

క్లాసు ఇనిట్‌లోనే సెల్ఫ్ డాట్ స్టేటస్ పెట్టుకో. దాన్ని ప్రతి ఎవెయిట్‌కి, అంటే కోడు ఆగి ఎదురుచూసే లైనుకి, ముందు మార్చాలి, తర్వాత కాదు, ఇది మాత్రం గట్టిగా పట్టుకో. ధర సిగ్నల్ (బయటి నుంచి వర్క్‌ఫ్లోకి పంపే కబురు) వచ్చేదాకా వెయిట్ కండిషన్ దగ్గర గంటలకొద్దీ ఆగుతది కదా, ఆ లైను దాటాక "వేలంలో ఉంది" అని రాస్తే అప్పటికి వేలమే అయిపోయి ఉంటది, ఈలోపు ఫోన్ చేసిన రైతుకి పాత మాట చెప్తావు.

ఇక క్వెరీ ఫంక్షన్, మామూలు డెఫ్, ఎసింక్ పెట్టకు. లోపల యాక్టివిటీ, అంటే డేటాబేసు లాంటి బయటి పనులు చేసే ఫంక్షన్, పిలవకూడదు, స్లీప్ పెట్టకూడదు, ఉన్నది తిరిగి ఇచ్చెయ్ అంతే. ఎన్నిసార్లు అడిగారో లెక్కేద్దామని కౌంటర్ కూడా పెంచొద్దు, ఎందుకంటే క్వెరీ హిస్టరీలో, అంటే సర్వర్ దాచే జరిగినవాటి చిట్టాలో, ఎక్కదు, వర్కర్ (నీ కోడుని నడిపే ప్రాసెస్) క్యాష్‌లోంచి ఆ వర్క్‌ఫ్లో పోతే హిస్టరీని మొదట్నించీ రీప్లే చేసి స్టేట్ మళ్లీ కట్టుకుంటది, అప్పుడు నువ్వు క్వెరీలో మార్చింది ఉండదు, దాని మీద ఇఫ్ ఏదన్నా పెట్టుంటే రీప్లే వేరే దారిన పోయి హిస్టరీతో కోడు కలవట్లేదని నాన్ డిటర్మినిజం ఎర్రర్ కొడతది. మార్చాల్సి వస్తే సిగ్నల్ పంపు, మార్చాక జవాబు కూడా కావాలంటే అప్‌డేట్.

క్వెరీకి ఎవెయిట్ ఉండేది క్లయింట్ వైపు, అంటే అడిగే ప్రోగ్రాములో, లాట్ నంబరే వర్క్‌ఫ్లో ఐడీగా పెట్టావు కాబట్టి ఆ ఐడీతో ఆ వర్క్‌ఫ్లోని పట్టుకునే హ్యాండిల్ తీసుకుని ఎవెయిట్ హ్యాండిల్ డాట్ క్వెరీ అంటే చాలు. జవాబు చెప్పేది సర్వర్ కాదు, వర్కర్. అది ఆగిపోయి ఉంటే ఎంతసేపు చూసినా టైమౌటే. అయిపోయిన లాట్‌ని కూడా రిటెన్షన్ గడువు (అయిపోయినవాటి హిస్టరీని సర్వర్ ఉంచే కాలం) లోపు అడగొచ్చు, దానికీ వర్కర్ నడుస్తుండాలి.

సీజన్లో యార్డు నిండా మిర్చి టిక్కీలు (బస్తాలు) దిగినప్పుడు డాష్‌బోర్డు కోసం లాట్ లాట్‌కీ క్వెరీ కొట్టకు తల్లీ, వర్కర్ నలిగిపోద్ది, లిస్టుకైతే సెర్చ్ యాట్రిబ్యూట్లు, అంటే సర్వర్‌లో వెతకడానికి వర్క్‌ఫ్లోకి తగిలించే గుర్తులు, వాడు.

ఏదన్నా లాట్ కదలట్లేదనిపిస్తే వెబ్ యూఐలో కాల్ స్టాక్ తెరువు, ఏ ఎవెయిట్ దగ్గర ఆగిందో లైనుతో సహా కనపడతది, అదీ లోపల ఒక క్వెరీనే.

ఆదివారం విజయవాడ నుంచి వచ్చేటప్పుడు లాప్‌టాప్ తెచ్చుకో, ఆ టేబుల్ తీసేసి పాత హిస్టరీ మీద కొత్త కోడుని నడిపి చూసే రీప్లేయర్ టెస్టు ఇద్దరం కూర్చుని రాద్దాం.

మీ మావయ్య