బొమ్మలేసి ఏటి తింటావు అంటున్నారు మేడం

ప్రశ్న: నమస్తే మేడం. మాది పొందూరు. ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. సెలవుల్లో ‘బ్లూ పీరియడ్’ అనే జపాన్ యానిమే (కార్టూన్ సీరియల్) 12 ఎపిసోడ్లూ రెండు రోజుల్లో చూసేశాను. అందులో యతోరా అనే కుర్రాడు బాగా చదువుతాడు గానీ దేని మీదా ఇష్టం ఉండదు, ఒక్క బొమ్మ చూసి మారిపోతాడు. నాకూ అలాగే అయింది. ఇప్పుడు బీఎఫ్ఏ (బొమ్మలు, శిల్పాలు నేర్పే డిగ్రీ) చేస్తానంటే నాన్న “బొమ్మలేసి ఏటి తింటావురా” అంటున్నారు. అమ్మ రాట్నం మీద నూలు వడుకుతుంది, ఏమీ అనదు. అసలు నాకు టాలెంట్ ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: టాలెంట్ సంగతి కాసేపు పక్కన పెట్టు తమ్ముడూ. నువ్వు చూసిన కథే దాన్ని మొదట్లోనే తేల్చేసింది కదా. మోరి అనే సీనియర్ వేసిన బొమ్మ చూసి, నీకు టాలెంట్ ఉందిలే అన్నట్టు యతోరా మాట్లాడతాడు, అప్పుడా అమ్మాయి నేను మిగతావాళ్ల కన్నా ఎక్కువసేపు బొమ్మల గురించి ఆలోచిస్తాను, దీనికీ చదువు ఉంటుంది, పద్ధతులు ఉంటాయి అన్న అర్థంలో చెబుతుంది. ఏళ్లుగా పిల్లలకు డ్రాయింగ్ చెబుతున్న నాకు ఆ మాట విన్నప్పుడు లేచి నిలబడాలనిపించింది. చెయ్యి తిరిగిన పిల్లాణ్ణి చూసి “వాడికి దేవుడిచ్చాడండీ” అనేస్తారు, వాడు చింపేసిన కాగితాలు ఎవరూ చూడరు.

యతోరా గురిపెట్టిన టోక్యో ఆర్ట్స్ యూనివర్సిటీలో ఆయిల్ పెయింటింగ్‌కు 55 సీట్లు, హైస్కూల్ నుంచి నేరుగా వెళ్లేవాళ్లలో 200 మందికి ఒక్కరికే దక్కుతుందని కథలో చెబుతారు. ప్రైవేటు కాలేజీ ఫీజు ఇంట్లో కట్టలేరు కాబట్టి వాడికి వేరే దారి లేదు. ఈ యానిమేకు మూలమైన మాంగా, అంటే జపాన్ బొమ్మల కథ, రాసిన యామగుచి త్సుబాసా అదే యూనివర్సిటీలో చదివారు, అందుకే ఆ పరీక్ష హాలు టెన్షన్ అంత నిజంగా అనిపిస్తుంది.

నాకు మాత్రం ఆ పరీక్ష కన్నా వాడు వాళ్లమ్మ బొమ్మ వేసిన ఘట్టమే పెద్దది. అప్పటిదాకా ఆవిడకు ఎలా నచ్చచెప్పాలో తెలియక తిప్పలు పడతాడు, తీరా కూర్చుని ఆవిడ బొమ్మ వేస్తుంటే గిన్నెలు తోమి తోమి గరుకెక్కిన చేతులు, రోజూ బరువులు మోసి గట్టిపడ్డ జబ్బలు కనబడతాయి, ఇన్నాళ్లూ ఒకే ఇంట్లో ఉండి అమ్మను చూడనేలేదని అప్పుడు తెలుస్తుంది, ఆ బొమ్మ చూపించాకే ఆవిడ మనసు కరుగుతుంది.

నువ్వు పొందూరులో ఉన్నావు నాయనా! వాలుగ చేప దవడతో పత్తి ఏకడం, ఆ పత్తితో చేత్తో నూలు వడకడం ఇంకెక్కడ కనబడుతుంది? మీ అమ్మ రాట్నం ముందు కూర్చున్నప్పుడు దారం లాగే చెయ్యి ఎంత ఎత్తుకు లేస్తుందో, వేళ్లు ఎక్కడ బిగుస్తాయో, నడుం ఎటు వంగుతుందో చూసి వెయ్యి. ఖరీదైన సరంజామా అక్కర్లేదు, రెండు పెన్సిళ్లు, 2బీ ఒకటి, ఇంకా మెత్తగా నల్లగా గీసే 6బీ ఒకటి, పాత రిజిస్టర్ల వెనక పేజీలు చాలు. రోజుకు పది గబగబా, వారానికి ఒకటి నిదానంగా రెండు గంటలు కూర్చుని. మొదటి యాభై నీకే నచ్చవు. నచ్చకపోయినా చింపకు, తేదీ వేసి దాచు.

నాన్నగారి మీద కోపం తెచ్చుకోకు. రేపు పొద్దున్న నీకు అన్నం ఎలా అన్నదే ఆయన భయం, దానికి వివరాలే జవాబు. బీఎఫ్ఏ నాలుగేళ్లు, ఇంటర్‌లో ఏ గ్రూపయినా పరవాలేదు. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీకి ఫైన్ ఆర్ట్స్ విభాగం ఉంది, కడపలో ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది, బీఎఫ్ఏ ప్రవేశ పరీక్ష ఏడీసెట్ నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు. ఎంపీసీ మార్కులు మాత్రం పాడుచేసుకోవద్దు, యతోరా కూడా చదువు వదల్లేదు. ఇంకో మాట, చందమామ ముఖచిత్రాలతో తెలుగువాళ్లందరికీ తెలిసిన వడ్డాది పాపయ్యగారు 1921లో మీ శ్రీకాకుళంలోనే పుట్టారు. ఆయన నాన్నగారు డ్రాయింగ్ మాస్టారు. ఈ సంగతి నాన్నగారితో నెమ్మదిగా, భోజనాల దగ్గర చెప్పు.

ప్రశ్న: మా అబ్బాయితో కలిసి నేనూ అదే యానిమే చూశానండీ. నాకు 34 ఏళ్లు, ఇద్దరు పిల్లలు. చిన్నప్పుడు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్ష పాసయ్యాను, పెళ్లయ్యాక ఆగిపోయింది. ఇప్పుడు మొదలుపెడితే నవ్వుతారేమో. — ఒక గృహిణి, విజయనగరం

జవాబు: నవ్వనివ్వండమ్మా. ప్రపంచమంతా మెచ్చే డచ్ చిత్రకారుడు వాన్ గో, చిత్రకారుడు కావాలని నిర్ణయించుకున్నది 1880లో, అప్పటికి ఆయనకు 27 ఏళ్లు. మీరు లోయర్ పాసయ్యారంటే అసలు సున్నా నుంచి మొదలుపెట్టడం లేదు. ఈసారి దాని పై మెట్టు, హయ్యర్ పరీక్షకు ఫీజు కట్టండి, తేదీ దగ్గర పడుతుంటే చెయ్యి దానంతట అదే కదులుతుంది. అంతవరకు పిల్లలు బడికి వెళ్లాక వంటింటి కిటికీ దగ్గర చెంబు, రెండు వంకాయలు పెట్టుకుని వెయ్యండి, వెలుగు ఒక్క పక్క నుంచే పడుతుంది కాబట్టి నీడలు తేలిగ్గా పట్టుబడతాయి.