నానోటెక్నాలజీలో ఎమ్మెస్సీ చేయించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉంది. క్వాంటమ్ డాట్స్‌కు నోబెల్ వచ్చిందని తెలిసినప్పటి నుంచి నానోటెక్నాలజీలోనే ఎమ్మెస్సీ చేస్తానంటోంది. ఉద్యోగాలు దొరుకుతాయా? – ఒక తండ్రి, నల్గొండ

జవాబు: అమ్మాయి ఆసక్తికి అడ్డు చెప్పకండి. ఎమ్మెస్సీ మాత్రం కెమిస్ట్రీలోనే చేయించండి.

ఆమె మెచ్చిన 2023 నోబెల్‌నే చూడండి. 1980ల మొదట్లో అలెక్సీ ఎకిమోవ్ రంగు గాజులోని కాపర్ క్లోరైడ్ రేణువుల్లో ఒక వింత గమనించారు. లూయీ బ్రూస్ దాన్నే ద్రావణంలో తేలే రేణువుల్లో చూశారు. పదార్థం ఒకటే అయినా, రేణువు కొన్ని నానోమీటర్ల (నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు) స్థాయికి వచ్చేసరికి సైజును బట్టి రంగు మారుతోంది. చిన్నవి నీలం వైపు, పెద్దవి ఎరుపు వైపు. ఈ రేణువులే క్వాంటమ్ డాట్స్. అయితే అన్నిటినీ ఒకే సైజులో, లోపాలు లేకుండా తయారు చేయడం కుదరలేదు. 1993లో మౌంగి బావెండి బృందం వేడి ద్రావకంలోకి రసాయనాలను ఒక్కసారిగా ఇంజెక్ట్ చేసి, ఉష్ణోగ్రతను అదుపు చేస్తూ ఆ పని సాధించింది. ఈ డాట్స్‌ను వాడే క్యూఎల్‌ఈడీ టీవీలకు దారి అక్కడే పడింది. ఇదంతా అచ్చమైన కెమిస్ట్రీ! ఇప్పుడు విషపూరితమైన కాడ్మియం బదులు ఇండియం ఫాస్ఫైడ్‌తో డాట్స్‌ను మెరుగుపరిచే పరిశోధన జోరుగా సాగుతోంది. మీ అమ్మాయి లాంటివాళ్లకు అక్కడ చేతినిండా పని ఉంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. పరిశోధన ఫెలోషిప్‌కు, లెక్చరర్ అర్హతకు రాసే సీఎస్‌ఐఆర్ నెట్‌లో కెమికల్ సైన్సెస్, ఫిజికల్ సైన్సెస్ ఉన్నాయి కానీ నానోటెక్నాలజీ పేరుతో పేపర్ లేదు. ఐఐటీల్లాంటి సంస్థల్లో ఎమ్మెస్సీ ప్రవేశానికి రాసే జామ్‌లోనూ అంతే. కెమిస్ట్రీ డిగ్రీ ఉంటే డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులు, ఫార్మా కంపెనీల దారి కూడా తెరిచే ఉంటుంది. నానో పేరున్న డిగ్రీతో కొన్ని నోటిఫికేషన్లలో అర్హత దగ్గరే చిక్కు రావచ్చు.

కాబట్టి జామ్, తెలంగాణ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రెండూ రాయించండి. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం వేసవిలో చేసేలా సైన్స్ అకాడమీల సమ్మర్ ఫెలోషిప్‌కు ముందుగానే అప్లై చేయమనండి. ప్రాజెక్టు నానో పదార్థాల మీద తీసుకుని, ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్-కిరణాలతో పదార్థం లోపలి అమరికను చూసే పరీక్ష), ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఫలితాలను సొంతంగా చదవడం నేర్చుకోవాలి. ఇంటర్వ్యూల్లో గట్టిగా అడిగేది దీని గురించే. పీహెచ్‌డీకి హైదరాబాద్‌లోనే ఐఐసీటీ, ఏఆర్‌సీఐ, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. బెంగళూరులో ఐఐఎస్సీ, జేఎన్‌సీఏఎస్‌ఆర్, మొహాలీలో ఐఎన్‌ఎస్‌టీ ఉన్నాయి.

ఉద్యోగం విషయం దాచకుండా చెప్తాను. ఈ రంగంలో మంచి పరిశోధన ఉద్యోగాలు చాలావరకు పీహెచ్‌డీ అడుగుతాయి. అంటే ఎమ్మెస్సీ తర్వాత దాదాపు మరో అయిదేళ్లు. నెట్‌లో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023లో పెంచిన లెక్క ప్రకారం మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం ఇస్తారు. ఆ చదువు భారం మీ మీద పడదు. అన్నేళ్లు ఆగడానికి ఇంట్లో అందరూ సిద్ధమేనా అన్నది మాత్రం అప్లికేషన్ పెట్టకముందే అమ్మాయితో కూర్చుని మాట్లాడండి.