మీటింగుకి వెళ్తే పరువు పోతుందంటున్నారు మా ఆయన

ప్రశ్న: మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉంటున్నాం. మా ఆయన ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తారు. చాలా ఏళ్లుగా తాగుతున్నారు. ఈమధ్య పొద్దున్నే చేతులు వణుకుతున్నాయి, ఒక పెగ్గు పడితేగానీ తగ్గదు. ఒకసారి డీ-అడిక్షన్ సెంటర్లో ఉంచాం, బయటికొచ్చాక కొన్నాళ్లు బాగున్నారు, మళ్లీ మొదలు. అక్కడి కౌన్సెలర్ ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల గ్రూపు) మీటింగులకి పంపమన్నారు. "పదిమందిలో నేను తాగుబోతునని చెప్పుకోవాలా, మనూరివాడెవడైనా చూస్తే?" అంటారు ఈయన. మీటింగు చర్చి గదిలో అట, మా అత్తగారికి అదో అనుమానం. తెలిసినావిడ అన్నంలో కలిపే పొడి ఉందంటోంది, తెప్పించనా?
– పేరు వేయవద్దు, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పొడి సంగతి. వద్దమ్మా, ఇంట్లోకే రానివ్వకండి. తాగుడు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది, అది వేసుకుని మందు తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు, అందుకే మనిషికి అన్నీ చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే ఇస్తారు. చాటుగా కలిపే పొడిలో ఏముందో మీకూ తెలియదు, అమ్మినవాడికీ తెలియకపోవచ్చు.

ఇంకా ముఖ్యమైంది ఆ వణుకు. ఒంటికి మందు అంతగా అలవాటు పడ్డాక రేపట్నుంచి బంద్ అని ఇంట్లో కూర్చోబెడితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి తప్పి, లేనివి కనిపించి, ప్రాణాపాయం దాకా వెళ్లవచ్చు. కాబట్టి మీటింగు కంటే ముందు డాక్టరు. ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఉంది, పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. ఎటు వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416కి చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులుండవు. మత్తు అలవాట్ల కోసమే ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ 14446.

సెంటరు నుంచి వచ్చాక మళ్లీ మొదలైందంటే మీ డబ్బు వృథా అయిందనుకోకండి. అక్కడ ఒంట్లోంచి మందు దిగుతుంది, కానీ బిల్లు చేతికొచ్చిన సాయంత్రం సైటు దగ్గరి వాళ్లు "ఒక్కటే అన్నా" అన్నప్పుడు ఎవరికి ఫోన్ చేయాలన్నది అక్కడితో తేలదు. ఏఏ పనికొచ్చేది సరిగ్గా ఆ సాయంత్రానికే. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో ఒక స్టాక్ బ్రోకరు, ఒక డాక్టరు, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే, ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో పుట్టింది. ఇప్పటికీ పద్ధతి అదే, తాగి మానేసినవాడే ఇంకొకడికి తోడు. వైద్య పరిశోధనలని కలిపి తూకం వేసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష ఇరవైఏడు అధ్యయనాలు చూసి, పూర్తిగా మానేసి ఉండే విషయంలో ఏఏ వైపు నడిపించే చికిత్స మిగతా పేరున్న చికిత్సల కంటే మెరుగ్గా ఉందని తేల్చింది.

ఇక మీ ఆయన భయం. అక్కడ హాజరు పట్టీ ఉండదు, ఇంటిపేరు అడగరు, చేరడానికి కావాల్సింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. మొదటిసారి నోరు విప్పకుండా కూర్చుని వినవచ్చు. ఫీజు లేదు, చివర్లో సంచి తిప్పితే సభ్యులు తోచింది వేస్తారు, బయటివాళ్ల దగ్గర చందా తీసుకోరు. అక్కడ ఎవరున్నారో, ఏం చెప్పుకున్నారో బయట మాట్లాడకూడదన్నది వాళ్లు చాలా పట్టుదలగా పాటించే మాట. ఊరివాడు కనిపించినా వాడూ అదే బాధతో వచ్చినవాడే కదా!

అత్తగారికి ఇలా చెప్పండి: చర్చిలోనో స్కూల్లోనో గది దొరికిందని అక్కడ పెట్టుకుంటారు, ఆ గదికి అద్దె కట్టుకుంటారు. తాగుడు మానడానికి వాళ్లు పాటించే పన్నెండు మెట్లలో దేవుడి మాట వస్తుంది, అయితే ఎవరికి అర్థమైన రూపంలో వాళ్లు అనుకోవచ్చు. మీ ఇంట్లో వెంకన్నే ఉంటే వెంకన్నే.

గ్రూపు వెతకడం కష్టం కాదు. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో నంబర్లుంటాయి, ఫోన్ చేసి తెలుగు మీటింగు ఎక్కడ, ఏ రోజున అని అడగండి, వేళలు మారుతుంటాయి కాబట్టి వెళ్లేముందు మళ్లీ అడగండి. ఓపెన్ మీటింగా, క్లోజ్డ్ మీటింగా అని కూడా అడగండి, ఓపెన్‌కైతే మీరూ వెంట వెళ్లవచ్చు, క్లోజ్డ్‌లో తాగుడు సమస్య ఉన్నవాళ్లే కూర్చుంటారు. ఎవరైనా సభ్యుడు ముందు మీ ఆయనతో ఫోన్లో మాట్లాడతారా అని అడగడానికి మొహమాటపడొద్దు. ఆ ఫోను మన బతిమాలడం కంటే బాగా పనిచేస్తుంది. ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి చూడమనండి, ఒక్కో గ్రూపు తీరు ఒక్కోలా ఉంటుంది. మధ్యలో మళ్లీ తాగినా తలుపు వేసేయరు.

ఆయన వెళ్లినా వెళ్లకపోయినా మీరు అల్-అనాన్‌కి వెళ్లండి, ఇది నా గట్టి మాట. తాగేవాళ్ల ఇంటివాళ్ల కోసం 1951లో మొదలైన గ్రూపులవి. ఆయనకి జ్వరమని సైటు ఓనరుకి మీరు చెప్పే అబద్ధాలు, బాకీలు తీర్చడానికి తాకట్టు పెట్టే గాజులు, ఇవన్నీ ఎక్కడ ఆపాలో అక్కడివాళ్లు అనుభవంతో చెబుతారు.

మాట్లాడేది తాగి వచ్చినప్పుడు కాదు, పొద్దున కాస్త నెమ్మదిగా ఉన్నప్పుడు, పిల్లలు లేకుండా చూసి, డాక్టరు దగ్గరికి ఒక్కసారి వెళ్దామండీ అన్నంతవరకే అడగండి. చెయ్యి చేసుకోవడం కూడా ఉంటే, మీరు రాయలేదు గానీ అడుగుతున్నాను, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, దానికి ఆయన మానేదాకా ఆగక్కర్లేదు.