మావాడు జీపు బాడీలు చేస్తానంటున్నాడు, ఏం చేయమంటారు?

ప్రశ్న: మావాడు మెకానికల్ బి.టెక్. రెండో సంవత్సరం పూర్తిచేసి మూడో సంవత్సరంలోకి వచ్చాడు. నాలుగు బ్యాక్‌లాగ్‌లున్నాయి. మా నాన్నగారి కాలం నాటి 1968 మోడల్ మహీంద్రా సీజే3బీ జీపు ఒకటి ఊళ్ళో మిల్లు షెడ్డులో పాతికేళ్ళుగా పడి ఉంది. దాన్ని బాగుచేస్తానని ఈ వేసవి సెలవుల్లో విజయవాడ ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి దగ్గర చేరాడు. తుప్పు తిన్న బాడీ కోసేసి ఒక్కో రేకూ చేత్తో చేస్తున్నారు. ఇప్పుడు చదువు మానేస్తానంటాడు. ‘కస్టమ్ జీప్ స్టూడియో’ పెట్టడానికి 8 లక్షలు అడుగుతున్నాడు. మా బావమరిది కార్ డిజైన్ కోర్సు మంచిదంటున్నాడు, ఇంకొకరు అమెరికాలో ఎం.ఎస్. చేయించమంటున్నారు. రేపు పెళ్ళి సంబంధాలకు ‘టింకరింగ్ చేస్తాడు’ అని చెప్పుకోవాలా? ఈ మూడు దారులూ పోల్చి ఏది మంచిదో చెప్పండి. వాడు చేసిన రేకు ఫొటో పంపుతున్నాను.
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ముందు ఆ ఫొటో సంగతి. జీపు వెనక ఎడమ మూల అది. పక్క రేకు నిటారుగా వచ్చి వెనక్కి గుండ్రంగా తిరిగే చోటు. వెల్డింగ్ అతుకు మీద ఇంకా గ్రైండర్ పెట్టలేదు. అంగుళానికొకటి చొప్పున నీలం మచ్చలు కనిపిస్తున్నాయి. నాకు రేకు పని రాదు కాబట్టి తెలిసిన ఒక టింకరింగ్ మేస్త్రికి పంపాను. కాసేపటికి ఫోన్ చేసి, "పుట్టీ పెట్టకముందే ఫొటో తీశాడంటే కుర్రాడికి ధైర్యమే సార్" అన్నాడు.

అందులో ధైర్యమేముందో విడమరిచి చెప్పించుకున్నాను. ఈ పనికి మామూలుగా వాడేది 18 గేజు రేకు, అంటే సుమారు 1.2 మి.మీ. మందం. అంత పల్చటి రేకు మీద వెల్డింగ్ ఏకధాటిగా లాగితే వేడికి అది అప్పడంలా వంకర్లు పోతుంది. అందుకని ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క పెట్టి, చల్లారనిచ్చి, మళ్ళీ మధ్యలో ఇంకో చుక్క పెట్టుకుంటూ రావాలి. చల్లారేటప్పుడు అతుకు దగ్గర రేకు ముడుచుకుంటుంది. కింద డాలీ అనే ఇనుప దిమ్మె పట్టుకుని పైనుంచి సుత్తితో తట్టి దాన్ని మళ్ళీ సాగదీయాలి. ఒక దెబ్బ ఎక్కువైతే ఉబ్బుతుంది. ఈ తిప్పలు పడలేనివాళ్ళు సొట్టల మీద మందంగా పుట్టీ రుద్ది రంగు కొట్టేస్తారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి అది పెచ్చులుగా ఊడి వస్తుంది. మీవాడి ఫొటోలో ఏ తప్పైనా కనిపించేదే, కానీ మేస్త్రి కంటికి పెద్ద తప్పులేవీ కనపడలేదు. ఆ నాలుగు బ్యాక్‌లాగ్‌లలో, లోహం ఎలా సాగుతుందో, వంగుతుందో చెప్పే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్ సబ్జెక్టు కూడా ఉందేమో ఒకసారి అడగండి. ఉంటే ఇద్దరం నవ్వుకుందాం.

మేస్త్రి ఇంకో మాట కూడా అన్నాడు. "కుడి మూల చేశాడా అడగండి. ఒక మూల ఎవరైనా చేస్తారు. దానికి జోడుగా రెండోది కుదరాలి, అక్కడ తెలుస్తుంది."

ఇక మీ ఉత్తరం. ఇలాంటివి నాకు ఏటా వస్తుంటాయి. ఒక ఏడు ఫొటోగ్రఫీ, ఒక ఏడు బేకరీ, ఆ తర్వాత డ్రోన్లు, ఇప్పుడు జీపులు. పేరు మారుతుంది గానీ లోపలి ప్రశ్న మారదు: మా పిల్లవాడు చదువుకున్నవాళ్ళ లెక్కలోంచి జారిపోతున్నాడా? మీరు పోల్చమని అడిగింది మూడు కోర్సులను కాదు. మీ బావమరిది ఎదుట ఏది చెప్పుకుంటే తల ఎత్తుకోవచ్చో అడిగారు.

కాస్త కటువుగా చెబుతాను, ఏమీ అనుకోకండి. బ్యాక్‌లాగ్‌లనూ జీపునూ ఒకే గాటన కట్టి రాశారు. జీపు ఈ వేసవిలో వచ్చింది. బ్యాక్‌లాగ్‌లు అంతకుముందు సెమిస్టర్లవి. రెండేళ్ళపాటు పిల్లవాడు తరగతిలో ఏం చేస్తున్నాడో మీకు పట్టలేదు, రెండు నెలలు మేస్త్రి షెడ్డులో ఏం చేస్తున్నాడో మాత్రం టెన్షన్ పట్టుకుంది. పైగా ‘టింకరింగ్’ అన్న మాటను తిట్టులా రాశారు. మీ కారుకు గీత పడితే ఆ మేస్త్రినే రెండు రోజులు బతిమాలుకుంటారు. మీ అబ్బాయి ఆయన దగ్గర సుత్తి పట్టుకుంటే పరువు పోయిందంటారు. ఆ షెడ్డుకు మీరు ఒక్కసారైనా వెళ్ళినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు.

అంతమాత్రాన మీవాడికి 8 లక్షలు ఇచ్చేయమని నేను అనడం లేదు. నాకు అసలు అనుమానం ఆ స్టూడియో మీదే.

పాత జీపుల మోజు ఇప్పుడు బాగా ఉంది. రీల్‌లో తుప్పు జీపు లోపలికి వెళ్ళి, ముప్పై సెకన్లలో మిలమిలలాడుతూ బయటికి వస్తుంది. ఆ ముప్పై సెకన్ల వెనక ఆ జీపు నెలల తరబడి షెడ్డులో నిలబడి ఉంటుంది. అన్ని నెలల అద్దె, కరెంటు, హెల్పర్ జీతం ఎవరు కట్టారో రీల్‌లో కనిపించదు. ఓనరు అడ్వాన్సు ఇచ్చి, మధ్యలో మనసు మార్చుకుని ‘టైర్లు ఇంకా పెద్దవి వేద్దాం, మడ్‌గార్డులు వెడల్పు చేద్దాం’ అంటాడు. చేసిన పని మళ్ళీ విప్పాలి. ఆ రోజుల కూలి ఎవరూ ఇవ్వరు.

పోటీ సంగతి కూడా మీవాడికి తెలిసినట్టు లేదు. హర్యానాలోని మండీ డబ్వాలీ జీపులకే పేరుపడ్డ ఊరు. అక్కడ పాత జీపులు కట్టే పని వరసగా షెడ్లలో నడుస్తుంది. ఇంకా దూరం వెళ్తే, రెండో ప్రపంచ యుద్ధం నాటి విల్లీస్ జీపులకు టబ్ అనే పూర్తి బాడీలనే కొత్తగా తయారుచేసి ఎగుమతి చేసే ఎం.డి. జువాన్ అనే కంపెనీ ఫిలిప్పీన్స్‌లో ఉంది. డైలు, అంటే అచ్చులు పెట్టి ప్రెస్సులో కొట్టిన రేకుతో చేతి సుత్తి ధరలో పోటీ పడలేదు. ఎవరి దగ్గరా దొరకని ముక్క కావలసినప్పుడే చేతిపనికి విలువ. మీ సీజే3బీ బానెట్‌నే చూడండి. అందులోని హరికేన్ అనే ఇంజిన్ ఎత్తుగా ఉండటంతో బానెట్ కూడా పైకి లేపారు, అందుకే పాత విల్లీస్ భాగాలు దానికి సరిపోవు. అలాంటి ముక్కకు అట్ట కత్తిరించి కొలతలు తీసి, రేకు కోసి, వంచి చేయగలిగినవాడికి పని ఉంటుంది. కానీ అది నెలకు ఇన్ని బండ్లు అని చూపించే వ్యాపారం కాదు.

అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది చట్టం. ‘కస్టమ్’ అని బోర్డు పెట్టేముందు మీవాడు మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ చదవాలి. కంపెనీ ఇచ్చిన, ఆర్.సి.లో ఉన్న వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకూ ఓనరుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. జరిమానా ఓనరుకే, నిజమే. కానీ మర్నాడు ఆ ఓనరు ఎవరి షెడ్డు ముందుకు వచ్చి అరుస్తాడు?

పోనీ వింటేజ్ అని నమోదు చేయిద్దామంటే అక్కడా ఒక మెలిక ఉంది. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. ఫీజు 20,000, గడువు పదేళ్ళు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపంలోనే ఉండాలి, పైగా ఆ నంబరు బండిని రోజువారీ తిరుగుళ్ళకు వాడకూడదు. మీ జీపు వయసు సరిపోతుంది. తుప్పు తిన్న రేకు తీసి అదే ఆకారంలో కొత్తది వేయడం మరమ్మతు. దానికి వెడల్పు మడ్‌గార్డులు, వేరే బానెట్ పెడితే అది మార్పు. రీల్స్‌లో లైకులు వచ్చేది రెండోదానికి. కాగితాలు నిలబడేది మొదటిదానితో. మీవాడు ఏది చేస్తున్నాడో కనుక్కోండి. వెనక మూల చూస్తే మొదటిదే అనిపిస్తోంది, సంతోషం.

కార్ డిజైన్ గురించి రెండు మాటలు, అందులో ఒకటి నా తప్పు. కొన్నేళ్ళ క్రితం బైకుల పిచ్చి ఉన్న ఒక కుర్రాణ్ణి నేనే ఒక ప్రైవేటు డిజైన్ కాలేజీకి పంపించాను. బండ్లంటే ఇష్టం ఉంటే బండ్లు గీయడమూ ఇష్టమే అవుతుందనుకున్నాను. వాళ్ళ నాన్న పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టాడు. ఆ అబ్బాయి ఇప్పుడు మొబైల్ యాప్‌లకు బొమ్మలు వేస్తున్నాడు. బతుకుతున్నాడు, బాగానే ఉన్నాడు. కానీ బండికీ అతనికీ సంబంధం లేదు. ఈ రంగంలో నేను నమ్మకంగా చెప్పగలిగినవి ఐఐటీ బాంబేలో మొబిలిటీ అండ్ వెహికల్ డిజైన్, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) గాంధీనగర్‌లో ట్రాన్స్‌పోర్టేషన్ అండ్ ఆటోమొబైల్ డిజైన్. రెండూ పీజీ కోర్సులు, కాబట్టి ముందు డిగ్రీ చేతిలో ఉండాలి. సీట్లు తక్కువ. మీవాడు రోజూ కాగితం మీద బండ్లు గీస్తాడా? అట్ట మీద గీసిన కొలత గీతలు కాకుండా, ఊరికే, తోచక గీసినవి నోటుపుస్తకం వెనక ఏమైనా ఉన్నాయా చూడండి. లేకపోతే బావమరిది సలహాకు దండం పెట్టి ఊరుకోండి.

ఎం.ఎస్. సంగతి ఇప్పుడు ఎత్తకండి. తరగతిలో కూర్చోలేకపోతున్నవాణ్ణి అప్పుచేసి ఇంకో దేశపు తరగతిలో కూర్చోబెట్టడం అవుతుంది.

మూడింటినీ పోలుస్తూ పట్టిక వేస్తానని కూర్చున్నాను, వేయలేదు. అందులో మొదటి గడి ఖాళీగానే ఉంది: రేకు పని వచ్చినవాడికి జీపులు కాక ఇంకేం ఉన్నాయి? మీకు భయం వేసేది ఈ ఖాళీ గడి చూసే. అందుకని అది నింపుతాను. పెనుకొండ కియాలాంటి కార్ల ఫ్యాక్టరీలో బాడీ వెల్డింగ్ రోబోలు చేస్తాయి, అక్కడ సుత్తి పట్టే చేతికి పెద్దగా పని లేదు. కానీ రేకు అంటే కారు ఒక్కటే కాదు. కృష్ణా జిల్లా మల్లవల్లిలో అశోక్ లేలాండ్ బస్సు బాడీల ప్లాంటు 2025లో మొదలైంది. హైదరాబాద్ శివార్లలో కొండకల్ దగ్గర రైలు కోచ్‌ల ఫ్యాక్టరీ ఉంది. ఆదిబట్లలో టాటా–బోయింగ్ ప్లాంటులో అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారవుతాయి. ఇలాంటిచోట్ల డ్రాయింగ్ చదవగలిగి, రేకు ఎటు సాగుతుందో, ఎక్కడ ముడుచుకుంటుందో చేత్తో తెలిసిన ఇంజినీరు అరుదు. డ్రాయింగ్ ఒక్కటే తెలిసినవాళ్ళు బోలెడంతమంది. మీవాడికి ఆ చేతి తెలివి వచ్చేస్తోంది. డ్రాయింగ్ చదవడం ఆ బ్యాక్‌లాగ్‌లలో ఇరుక్కుని ఉంది.

కాబట్టి డిగ్రీ ఆపొద్దు. ఈ మాట వాడికి ‘పరువు కోసం’ అని చెప్పకండి, వినడు. సర్టిఫికెట్ ఉంటే ఎన్‌ఏటీఎస్ అనే కేంద్ర ప్రభుత్వ అప్రెంటిస్ పథకం కింద ఏ బస్సు బాడీ కంపెనీలోనో ఏడాది అప్రెంటిస్‌గా చేరవచ్చని, స్టైపెండ్ వస్తుందని చెప్పండి. బస్సు బాడీ ఎలా కట్టాలో చెప్పే ఏఐఎస్-052 అనే నిబంధనల కోడ్ ఒకటి ఉంది. అది తెలిసినవాడు రేపు సొంత షెడ్డు పెట్టినా నాలుగు బండ్లు చట్టబద్ధంగా కడతాడు. చేతిపనికే కాగితం కావాలంటే ఐటీఐలో వెల్డర్, షీట్ మెటల్ వర్కర్, ఆటో బాడీ రిపేర్ ట్రేడులు ఏడాదివే. బి.టెక్. తర్వాత ఐటీఐ ఏమిటని మీరు ముఖం చిట్లించకపోతే చాలు.

8 లక్షలు ఇవ్వకండి. దానికి బదులు శని, ఆదివారాలు షెడ్డుకు వెళ్ళనివ్వండి. మంచి వెల్డింగ్ మాస్కు, గ్రైండింగ్ దుమ్ముకూ పుట్టీ దుమ్ముకూ ముక్కుకు కట్టుకునే రెస్పిరేటర్, చేతులకు తోలు గ్లవ్స్ మీరే వెళ్ళి కొనివ్వండి. జింకు పూత ఉన్న రేకును పూత గీకకుండా వెల్డింగ్ చేస్తే ఆ పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుందని కూడా చెప్పండి. షెడ్లలో చాలామంది దాన్ని మామూలు జ్వరమనుకుని మాత్ర వేసుకుని పడుకుంటారు. ఒక్కో బ్యాక్‌లాగ్ పోయిన కొద్దీ ఒక్కో పనిముట్టు కొనిస్తానని బేరం పెట్టండి. ఇది లంచం కదా అంటారేమో. అవును, లంచమే. ర్యాంకు వస్తే బైకు కొనిస్తానని తండ్రులు అంటే అది లంచం కాదా?

షెడ్డుకు వెళ్ళిన రోజు మేస్త్రితో ‘మావాడికి బుద్ధి చెప్పండి’ అనకండి. కుడి మూల ఎంతవరకు వచ్చిందో అడగండి.

ఇంకొకటి, ఇది మాత్రం ఈ వారమే చేయండి. జీపు ఆర్.సి. మీ నాన్నగారి పేరు మీద ఉండి ఉంటుంది. ఆయన ఇప్పుడు లేకపోతే వారసుల పేరుకు మార్చడానికి ఫారం 31 పెట్టాలి. 15 ఏళ్ళు దాటిన బండికి ఐదేళ్ళకోసారి రెన్యువల్ కూడా ఉంటుంది, అది ఎప్పటినుంచి ఆగిందో ఆర్.టి.ఓ. ఆఫీసులో కనుక్కోవాలి. ఛాసిస్ నంబరు మీద మీవాడు పొరపాటున కూడా గ్రైండర్ పెట్టకుండా ఈ రోజే ఫోన్ చేసి చెప్పండి. ఆ తర్వాత ఊళ్ళో పాత బీరువాలో, పెట్టెల్లో ఆర్.సి. వెతకండి.