యూపీఐ ఇంతగా పెరిగాక నోట్లు కనుమరుగవుతాయా?

ఇప్పట్లో కావు. 2025 ఆగస్టు నెలలో యూపీఐ చెల్లింపుల సంఖ్య 2,000 కోట్లు దాటింది, నిజమే. కానీ పెద్దనోట్ల రద్దుకు ముందు, 2016 నవంబరులో సుమారు 18 లక్షల కోట్ల రూపాయలున్న చలామణి నగదు 2024 నాటికి దాదాపు 35 లక్షల కోట్లకు చేరింది. రెండూ కలిసే పెరిగాయన్నమాట.

నోటు చేతులు మారడం తగ్గింది కానీ, దాచుకోవడం తగ్గలేదు. టీకొట్టులో పది రూపాయలకు కూడా స్కాన్ చేసి, డబ్బు అందిందని స్పీకరు పలికేదాకా నిలబడే మనిషే ఆసుపత్రి అవసరానికని బీరువాలో ఐదువందల కట్ట ఒకటి ఉంచుకుంటాడు. స్థలాల బేరాల్లో లెక్కకెక్కని సొమ్ము సంగతి సరేసరి!

ఫోను చెల్లింపుకు జాడ ఉంటుంది. 2025 జులైలో యూపీఐ జమలను చూసి కర్ణాటక పన్నుల శాఖ చిరువ్యాపారులకు జీఎస్టీ నోటీసులు పంపింది. వెంటనే బెంగళూరులో చాలామంది క్యూఆర్ కోడ్ పీకేసి, ‘నగదు మాత్రమే’ అని కాగితం అంటించారు. వాళ్లను తప్పుపట్టడం సులువే. ఏళ్ల బకాయి ఒక్కసారి మీద పడితే ఎవరైనా జంకుతారు.

కరెంటు, సిగ్నలు లేనప్పుడు నోటే దిక్కు. 2014లో హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖ వాసులకు ఇది అనుభవమే. నగదును దాదాపు వదిలేసిన స్వీడన్ సైతం పెద్ద బ్యాంకులు నగదు సేవలు అందించి తీరాలని చట్టం చేసింది.

నా అంచనాలో ముందు తగ్గేది చిల్లర. చలామణిలో ఉన్న నోట్ల విలువలో 80 శాతానికి పైగా ఇప్పటికే ఐదువందల నోట్లదే.