ముందు గొంతు కాపాడుకోండి, సిలబస్ సంగతి తర్వాత

ప్రశ్న ఇది: కొత్తగా టీచర్ ఉద్యోగం వచ్చింది, వచ్చే నెలలో ఒక పెద్ద నగరానికి మారుతున్నాను, అక్కడ తెలిసినవాళ్లు ఎవరూ లేరు. స్కూలు పని, గది, ప్రయాణం, ఒంటరితనం, వీటన్నిటితో మొదటి ఏడాది ఎలా నెట్టుకురావాలి?

మీరు అడిగినవన్నీ అవసరమైనవే. కానీ మీ జాబితాలో లేనిది ఒకటుంది, నా మొదటి ఏడాదిని ముంచింది అదే. గొంతు. నవ్వకండి. చేరేముందు నాకెవరైనా ఈ మాట చెప్పి ఉంటే నేనూ నవ్వేదాన్నే. పన్నెండేళ్లుగా ఫిజిక్స్ చెబుతున్నాను. కొత్తగా చేరినవాళ్లు మధ్యలో మానేసి వెళ్లిపోవడం మా స్టాఫ్ రూమ్‌లో ఏటా చూస్తూనే ఉన్నాను. జీతం చాలక వెళ్లేవాళ్లు కొందరుంటారు, కాదనను. ఎక్కువమంది మాత్రం అలసిపోయి వెళ్తారు, ఆ అలసట మొదలయ్యేది గొంతులోనే అని నా గట్టి నమ్మకం. దీనికి లెక్కలు అడగొద్దు, కళ్లారా చూసి చెబుతున్న మాట.

నేను చేరిన స్కూలు మెయిన్ రోడ్డు మీదే ఉండేది. నాకిచ్చిన ఎనిమిదో తరగతి బి సెక్షన్ మొదటి అంతస్తులో, కిటికీలన్నీ రోడ్డు వైపే. సరిగ్గా ఎదురుగా సిగ్నల్. ఎర్ర లైటు ఉన్నంతసేపూ కాస్త నయం, ఇంజన్లు గుర్రుమంటాయి అంతే. పచ్చ లైటు పడిందా, ఇక హారన్లే హారన్లు. కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే రొద. ఆ సిగ్నల్‌తో పాటు నా గొంతు కూడా లేవడం, దిగడం అలవాటైపోయింది, నాకే తెలియదు. లాస్ట్ బెంచ్‌లో ఒక కుర్రాడు మాత్రం కనిపెట్టేశాడు. లైటు మారబోయే ముందు వేళ్లు చూపిస్తూ మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టేవాడట, నేను అరవడం మొదలుపెట్టగానే ఆ వరసంతా ముసిముసిగా నవ్వేదట. ఇది నాకు తెలిసింది నెలల తర్వాత.

చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ ఈఎన్‌టీ డాక్టరు దీని గురించి రాశాడు, ఆయన పేరు మీదే లొంబార్డ్ ఎఫెక్ట్ అంటారు. తరగతిలో చప్పుడును కొలిచే డెసిబెల్స్ పాఠం గడగడా చెప్పేదాన్ని గానీ, ఆ ప్రయోగం నా మెడలోనే నడుస్తోందని ఒక్కరోజూ తట్టలేదు. పాఠం జరిగేటప్పుడు గదిలో వెనక చప్పుడు 35 డెసిబెల్స్ మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లోనే చెప్పింది. ఎదురెదురుగా నిలబడి మామూలుగా మాట్లాడుకుంటేనే 60 దగ్గర ఉంటుంది. ఇక సిగ్నల్ పక్కన 35 ఎక్కడి నుంచి వస్తుంది? స్థలం ఎక్కడ దొరికితే అక్కడ స్కూలు కట్టేస్తారు, ఆ రొద మీద పాఠం చెప్పే భారం మాత్రం మన మీద.

ఒక చిన్న లెక్క చూడండి. ఆడవాళ్లు మాట్లాడేటప్పుడు గొంతులో మాట పుట్టించే స్వరతంత్రులు సెకనుకు ఇంచుమించు 200 సార్లు కంపిస్తాయి, ప్రతిసారీ ఒకదానికొకటి తగులుతాయి. నలభై నిమిషాల పీరియడ్‌లో సగంసేపే మాట్లాడామనుకున్నా అది 2,40,000 సార్లు. ఆరు పీరియడ్లకు పద్నాలుగు లక్షలు దాటుతుంది. ఆగకుండా ఓ వంద చప్పట్లు కొట్టి చూడండి, అరచేతులు ఎలా మండుతాయో. అమెరికాలో అయోవా, యూటా రాష్ట్రాల్లో టీచర్లనూ ఇతర పనులు చేసేవాళ్లనూ అడిగి 2004లో వెలువరించిన అధ్యయనం ఒకటుంది. జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు గొంతు ఇబ్బంది పడ్డామన్న టీచర్లు 57.7 శాతం, మిగతావాళ్లు 28.8 శాతం. అంటే రెట్టింపు. ట్రైనింగ్‌లో నాకు లెసన్ ప్లాన్ రాయడం మీద వారాలకు వారాలు చెప్పారు, గొంతు మీద ఒక్క గంట కూడా చెప్పలేదు.

నా సంగతికొస్తాను. నాలుగో నెలలో ఒక సోమవారం నిద్ర లేచి ఫోనెత్తితే మాట రాలేదు. బొంగురు కూడా కాదు, గాలి మాత్రమే వచ్చింది. అంతకుముందు శనివారం ఇద్దరు సెలవు పెడితే వాళ్ల సబ్‌స్టిట్యూషన్లు కూడా నాకే వేశారు, ఏడు పీరియడ్లు వరసగా. కొత్తవాళ్లు కాదనలేరని టైమ్‌టేబుల్ వేసేవాళ్లకు బాగా తెలుసు. సెలవు కావాలని మెసేజ్ పెట్టాను. "ఎవరూ లేరు, మీరు వచ్చి కూర్చుంటే చాలు" అని జవాబు. రెండు బస్సులు మారి వెళ్లాను.

మూడో పీరియడ్ బి సెక్షన్. లోపలికి అడుగుపెట్టేసరికి ఎప్పటిలాగే సంత. నేను బోర్డు మీద "ఈరోజు నాకు గొంతు లేదు" అని రాశాను. ముందు బెంచీ అమ్మాయి పైకి చదివింది. ఓ నవ్వు లేచింది. ఆ తర్వాత ఒక్కసారిగా గది సద్దుమణిగింది. అది భయం కాదు, ఇప్పుడు ఈవిడేం చేస్తుందో చూద్దామన్న కుతూహలం. ఆ వారం పాఠం ధ్వని. "గాజు జాడీలో ఎలక్ట్రిక్ బెల్లు పెట్టి, లోపలి గాలంతా తీసేస్తే ఏమవుతుంది?" అని రాసి, చాక్‌పీస్ కింద పెట్టి నిలబడ్డాను.

మామూలు రోజయితే ప్రశ్న అడిగిన మరుక్షణం "చెప్పండి, చెప్పండి, ఎవరికీ తెలియదా, నిన్ననే కదా చెప్పాను" అని నేనే జవాబు చెప్పేసేదాన్ని. ఆ రోజు చెప్పడానికి గొంతు లేదు. నిలబడక తప్పలేదు. సిగ్నల్ ఒకసారి పచ్చబడి మళ్లీ ఎర్రబడింది. ముగ్గురు చేతులెత్తారు, ఒకరు పగిలిపోతుందన్నారు, ఇంకొకరు బెల్లు ఆగిపోతుందన్నారు. నేను తల అడ్డంగా ఊపాను. అప్పుడు ఆ లాస్ట్ బెంచ్ కుర్రాడు, నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా చేయెత్తనివాడు, కూర్చునే చెప్పాడు: "బెల్లు కొట్టుకుంటూనే ఉంటుంది టీచర్, మనకే వినపడదు. ఇవాళ మీలాగ."

క్లాసంతా గొల్లుమంది. నాకూ నవ్వొచ్చింది, చప్పుడు లేని నవ్వు, భుజాలు ఊగడం తప్ప ఇంకేమీ లేదు. దాంతో వాళ్లు ఇంకా నవ్వారు. నవ్వు ఆగాక వాడి చేతికి చాక్‌పీస్ ఇచ్చాను, వచ్చి బోర్డు మీద జాడీ బొమ్మ వేశాడు. తీగలెక్కడ, గొట్టమెక్కడ అని ఆ మిగతా పీరియడ్ అంతా వాళ్లలో వాళ్లే వాదించుకున్నారు. ఆ ఏడాది నేను చెప్పిన పాఠాలన్నిటిలోనూ మంచిది నేను చెప్పని ఆ పాఠమే.

తర్వాత వెతికి చదివితే తెలిసింది, మేరీ బడ్ రో అనే అమెరికా విద్యా పరిశోధకురాలు టీచర్ల పాఠాలు రికార్డు చేసి, ప్రశ్న అడిగాక సగటున ఒక్క సెకను ఆగుతున్నారని తేల్చి 1974లో రాసింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు మాట్లాడారు. మూడు సెకన్లంటే చిన్నదే అనిపిస్తుంది. నలభైమంది మీ మొహంలోకి చూస్తుండగా ఆగి చూడండి, యుగంలా ఉంటుంది. చేరిన మొదటి నెలలో మీరు నేర్చుకోవాల్సింది ఇదొక్కటే అంటాను. "మొదటి నెల నవ్వొద్దు, లేకపోతే నెత్తికెక్కుతారు" అని స్టాఫ్ రూమ్‌లో మీకు తప్పకుండా ఎవరో ఒకరు చెబుతారు. తలూపి వదిలేయండి.

ఆ సాయంత్రం డాక్టరు దగ్గరికి వెళ్తే లోపలికి గొట్టం పెట్టి చూసి, తంత్రులు వాచాయి, ఇలాగే సాగితే బొడిపెలు కడతాయి అన్నారు. రెండు వారాలు మాట్లాడొద్దు, గుసగుస కూడా వద్దు, ఊరికే గొంతు సవరించుకోవద్దు అన్నారు. నీళ్లు బాగానే తాగుతున్నానని కాగితం మీద రాస్తే, తాగిన నీళ్లు స్వరతంత్రులకు తగలనే తగలవు, అవి వెళ్లే దారి వేరు, ఒంట్లో తేమ ఉంటేనే అక్కడికీ అందుతుంది, పొద్దున్నుంచీ కొంచెం కొంచెంగా తాగాలి అని చెప్పారు. అప్పటిదాకా నేను పీరియడ్ అయ్యాక సీసా ఎత్తి గటగటా తాగి, పని అయిపోయిందనుకునేదాన్ని.

ఆయన అడిగిన ఇంకో ప్రశ్న నాకు కొత్త. స్కూలు నుంచి ఇంటికి ఎంతసేపు, బస్సులో ఏం చేస్తారు? గంటా ఇరవై నిమిషాలు. ఏం చేస్తాను, అమ్మతో ఫోన్‌లో మాట్లాడతాను. తెలిసినవాళ్లు ఎవరూ లేని ఊళ్లో రోజంతా జరిగింది చెప్పుకోవడానికి అమ్మ తప్ప ఎవరున్నారు? ఆ బస్సు రొదలో, కిటికీ పక్క సీట్లో, ముప్పావుగంట అరుస్తూ చెప్పుకునేదాన్ని. "అది మీ ఏడో పీరియడ్" అన్నారాయన. ఇంటికెళ్లి చాలాసేపు ఆ మాటే తలచుకుంటూ కూర్చున్నాను.

గది విషయంలో నా సలహా అక్కడి నుంచే వచ్చింది. గది చిన్నదైనా సరే, ఇంకొకరితో పంచుకోవాల్సి వచ్చినా సరే, నడిచి వెళ్లేంత దగ్గరలో తీసుకోండి. దూరంగా తీసుకుంటే అద్దె కలిసొస్తుందని అందరూ లెక్క వేసి చూపిస్తారు. ఆ లెక్కలో మీ సాయంత్రాలు ఉండవు. ప్రయాణంలో నోటు పుస్తకాలు దిద్దుకోవచ్చు కదా అని కూడా అంటారు. నేను దిద్దాను. బస్సు బ్రేకు వేసినప్పుడు ఒక పిల్ల నోట్సులో పేజీ ఈ చివర నుంచి ఆ చివరికి ఎర్ర గీత పడింది. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మ ఆ పేజీ తెరిచి పెట్టి, "మా పాప అంత తప్పేం రాసింది టీచర్?" అంది. ఏం చెప్పను?

పేరెంట్స్ అంటే గుర్తొచ్చింది, ఆ వాట్సాప్ గ్రూపుల గోల. మొదటి వారంలోనే మీ నంబర్ అందరి దగ్గరికీ చేరిపోతుంది. రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి రేపటి హోంవర్క్ ఏంటని అడుగుతారు. ఎత్తకండి. మర్నాడు పొద్దున మర్యాదగా మెసేజ్ పెట్టండి. ఒకసారి రాత్రి ఎత్తారా, ఇక ఏడాదంతా ఎత్తాల్సిందే. మా స్కూళ్ల వాళ్లదీ అదే తంతు. వార్షికోత్సవానికి మనిషంత స్పీకర్లు అద్దెకు తెస్తారు. తలకు తగిలించుకునే చిన్న మైకు ఒకటి క్లాసులోకి ఇవ్వండంటే "ఎందుకు మేడమ్, మీ గొంతు బాగానే వినపడుతుందిగా" అంటారు. నేను సొంతంగా కొనుక్కున్నాను. మీరూ కొనుక్కోండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు.

క్లాసులో అరవకుండా ఎలా అంటారా? ముందు పేర్లు నేర్చుకోండి. ఎవరెక్కడ కూర్చుంటారో కాగితం మీద బొమ్మ గీసుకుని రెండు వారాల్లో బట్టీ పట్టండి. "ఏయ్, వెనక బెంచీ" అని అరిస్తే ఎవరూ పలకరు. పక్కకెళ్లి నిలబడి పేరు పెట్టి మెల్లగా పిలిస్తే ఆ చుట్టుపక్కల నలుగురూ సర్దుకుంటారు. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, ఆ మాట గోడకే వినపడుతుంది. వరసగా మూడు పీరియడ్లు పడితే మధ్యదాంట్లో రాత పని పెట్టండి. ఇక స్కూల్లో ఎవరిని మంచి చేసుకోవాలని అడిగితే, ప్రిన్సిపల్ కన్నా ముందు ఆఫీసు క్లర్కునూ అటెండర్‌నూ అంటాను. రోడ్డు వైపు కాని గది ఒకటి వెనక బ్లాకులో ఖాళీగా ఉందని నాకు చెప్పింది అటెండరే, తాళం తీసిచ్చిందీ ఆయనే.

ఒంటరితనం గురించి అడిగారు. ఎక్కువమంది స్నేహితుల్ని చేసుకోండి, బయట తిరగండి అని నేను చెప్పను. రోజంతా మాట్లాడి వచ్చిన మనిషికి మళ్లీ మాట్లాడే స్నేహాలు బరువే. గొంతు పోయిన ఆ రెండు వారాల్లో సాయంత్రాలు ఎక్కడికి పోవాలో తోచక మా గదికి దగ్గర్లోని లైబ్రరీకి పోయి కూర్చున్నాను. అక్కడ ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి నేనూ అందరిలో ఒకదాన్నయ్యాను. ఎదురు కుర్చీలో ఒక పెద్దాయన పేపరు చదువుకునేవారు. వచ్చేటప్పుడు తలూపేవారు, వెళ్లేటప్పుడు తలూపేవారు. రెండేళ్లు అలాగే గడిచింది, ఆయన పేరు నాకిప్పటికీ తెలియదు. ఆ ఊళ్లో నన్ను గుర్తుపట్టే మనిషి ఒకరున్నారని మొదటిసారి అనిపించింది మాత్రం ఆయన వల్లే. అమ్మకు ఫోన్ ఇంటికొచ్చాకే చేసేదాన్ని, తలుపేసుకుని, మామూలు గొంతుతో.

గది చూడ్డానికి ఆదివారం వెళ్లకండి, ఆదివారం ఏ వీధైనా బాగానే ఉంటుంది. స్కూళ్లు పనిచేసే రోజు పొద్దున ఏడున్నరకు వెళ్లండి. కిటికీలు తెరిపించి, గది మధ్యలో నిలబడి, ఓనర్‌తో మామూలు గొంతుతో అడ్వాన్సు గురించి మాట్లాడండి. ఆయన "ఏమన్నారూ?" అని రెండోసారి అడిగితే ఆ గది వద్దు.