స్కానర్ కన్నా ముందు మల్టీమీటర్

ప్రశ్న: మా అబ్బాయి ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండో ఏడాది చదువుతున్నాడు. ల్యాప్‌టాప్ పెట్టి కార్లకు కోడింగ్ చేసే పని నేర్చుకుంటానని, 40 వేలు పెట్టి, కారు కంప్యూటర్లలోని లోపాలు చదివే స్కానర్ కొనివ్వమని పట్టుబట్టాడు. కొనివ్వమంటారా? - ఒక తండ్రి, కావలి

జవాబు: స్కానర్ ఇప్పుడే కొనకండి. అలాగని పిల్లాడి ఇష్టాన్ని తుంచకండి, మంచి పనే ఎంచుకున్నాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 పొగ నిబంధనలు వచ్చాక కార్లలో సెన్సర్లు ఇంకా పెరిగాయి. నెల్లూరు ఆటోనగర్‌కు వెళ్లినా ఒంగోలుకు వెళ్లినా ఇంజన్ విప్పి బిగించేవాళ్లకు కొదవలేదు, కొరతల్లా వైరింగ్ లోపం పట్టేవాళ్లకే.

ముందు వోల్టులు, ఓమ్‌లు కొలిచే మంచి డిజిటల్ మల్టీమీటర్, టెస్ట్ లైట్ కొనివ్వండి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌తో (స్కానర్ తగిలించేది దీనికే) మొదలుపెట్టమనండి. 16వ పిన్నుకు బ్యాటరీ ప్లస్, 4, 5 పిన్నులకు ఎర్త్ రావాలి. 6, 14 క్యాన్ వైర్లవి, అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లవి. బ్యాటరీ టెర్మినల్ తీసేసి ఈ రెంటి మధ్య కొలిస్తే చాలా కార్లలో 60 ఓమ్‌ల దగ్గర చూపిస్తుంది. 120 చూపిస్తే ఆ వైర్ల రెండు చివర్లలో ఉండే రెసిస్టర్లలో ఒకటిగానీ దానికి వెళ్లే వైరుగానీ తెగిందన్నమాట. సున్నా దగ్గర ఉంటే వైర్లు రెండూ ఎక్కడో తగులుకున్నాయి. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లలో, వాన నీళ్లు కార్పెట్ కిందికి దిగిన కార్లలో, కనెక్టర్లకూ ఎర్త్ పాయింట్లకూ ఆకుపచ్చ చిలుం పడుతుంది. అది గీకకుండా స్కానర్‌తో ఫాల్ట్ కోడ్ (కారు నమోదు చేసుకున్న లోపం నంబరు) చెరిపితే మళ్లీ వస్తుంది. అది తెలియకే వేలు పోసి మాడ్యూళ్లు (కారులోని చిన్న కంప్యూటర్లు) మారుస్తారు.

కోడింగ్ అంటే ప్రోగ్రాం రాయడం కాదు. కంపెనీ ముందే పెట్టి ఉంచిన ఫీచర్‌ను, ఒక బిట్‌ను 0 నుంచి 1కి మార్చి, తెరవడం. వాన సెన్సరే లేని కారుకు ఆటో వైపర్ ఆన్ చేస్తే వైపర్ దానంతటది తిరగదు, ఫాల్ట్ కోడ్ మాత్రం పడుతుంది. ఏం మార్చాలన్నా ముందు ఫుల్ స్కాన్ సేవ్ చేసుకుని, పాత కోడింగ్‌ను ఫొటో తీసుకోవాలి. ఒకసారికి ఒక్కటే మార్చి, అది పనిచేస్తుందో లేదో చూశాకే ఇంకోటి.

బ్యాటరీ సంగతి గట్టిగా చెప్పండి. ఇంజన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి కూర్చుంటే 12.6 వోల్టులున్న బ్యాటరీ మెల్లగా 12 కిందికి జారుతుంది. కోడింగ్ మధ్యలో ఆగితే చాలాసార్లు మళ్లీ చేసుకోవచ్చు. మాడ్యూల్‌లోకి కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుండగా వోల్టేజ్ పడితే ఆ మాడ్యూల్ లేవకపోవచ్చు. అందుకే నిలకడగా 13 వోల్టులకు పైన ఇచ్చే సపోర్ట్ యూనిట్ తగిలించకుండా ఆ పని మొదలుపెట్టకూడదు.

కిలోమీటర్ల రీడింగ్ తగ్గించడం, ఆర్‌సీ చూపనివాళ్లకు తాళం ప్రోగ్రాం చేయడం, లోపం సరిచేయకుండా ఎయిర్‌బ్యాగ్ లైట్ ఆర్పడం: ఎంత డబ్బిస్తామన్నా ఇవి ఒప్పుకోవద్దని మీరే చెప్పండి. తండ్రి మాటకుండే బరువు వేరు.

ఐటీఐ అయ్యాక ఒక ఏడాది డీలర్ సర్వీస్ సెంటర్లో అప్రెంటిస్‌గా చేర్చండి, వైరింగ్ డయాగ్రమ్ చదవడం అక్కడ వస్తుంది. ఆ తర్వాతే స్కానర్. వీసీడీఎస్ అనే స్కానర్ సాఫ్ట్‌వేర్ ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడీలకే గానీ మారుతీకి పనికిరాదు. మీ వైపు షెడ్లకు ఏ కార్లు ఎక్కువ వస్తున్నాయో ఈ ఏడాదిలో వాడినే రాసిపెట్టుకోమనండి, ఆ చీటీ చూసి కొనండి.